గాలికి కొటేషన్

నల్లగొండలో కూడా గాలి అమ్మకానికొచ్చింది. మహబూబ్‌నగర్ మెట్టుగడ్డ దాకా పాకిన ఫ్యాషన్ మా రామగిరికి రాకుండా ఎక్కడికి పోతుంది? మా బామ్మర్ది పాత రెండు పడకగదుల ఫ్లాట్‌ను బాగుచేయించుకుంటున్నాడు. ఇంటీరియర్ ఆయన ఇచ్చిన కొటేషన్ తెచ్చి నా ముందు పెట్టాడు. మాడ్యులర్ కిచెన్, ఫాల్స్ సీలింగ్, టీవీ వెనక చెక్క గోడ, అన్నీ ఉన్నాయి. ఆఖరి వరుసలో, వాటన్నిటినీ తలదన్నే ధరతో, 'ఫ్రెష్ ఎయిర్ సిస్టమ్' కూర్చుని ఉంది.

"జర్మనీ టెక్నాలజీ అంట బావా. ఇగ కిటికీ తెరిచే పనే ఉండదు" అన్నాడు మురిసిపోతూ.

కిటికీ తెరవడం అంత చాకిరీ అని నాకిన్నాళ్లూ తెలియదు.

జర్మనీ వాళ్లను తప్పుపట్టను. డార్మ్‌స్టాట్‌లో 1991 నాటికి పాసివ్ హౌస్, అంటే వేడి బయటికి పోకుండా బిగించిన ఇల్లు, కట్టినవాళ్లకు ఆ మిషన్ కావాలి. బయట సున్నా డిగ్రీలు, లోపల ఇరవై. కిటికీ తీస్తే కాచుకున్న వేడంతా వీధిపాలు. అందుకని పోయే గాలిలోని వేడిని పట్టి వచ్చే గాలికి అంటిస్తారు. మరి మనకు? మే నెల మధ్యాహ్నం బయట 44, ఏసీ గదిలో 26 అనుకుందాం. మిషన్ నూటికి డెబ్బై పాళ్లు పనిచేసినా లోపలికొచ్చే గాలి 31 డిగ్రీల పైమాటే. సరే, ఏసీ నడిచినంతసేపు అదీ లాభమే. రాత్రి పది దాటాక సంగతి చూడండి. పగలంతా కాలిన స్లాబు లోపలికి సెగ కక్కుతుంటుంది, బయట గాలి చల్లబడుతుంటుంది. అప్పుడు వేడి అంటించకుండా గాలిని నేరుగా పంపే బైపాస్ లేని ఈ జర్మనీ మేధావి చేసే పనేమిటంటే, బయటి చల్లగాలిని గదిలోని వేడితో కాచి, వడగట్టి, మన ముఖాన కొట్టడం. దానికి కరెంటు బిల్లు అదనం.

ఇంతకీ ఆ ఇంట్లో గాలి ఎందుకు లేదు? ఉండేది. ప్రతి కిటికీ మీదా వెంటిలేటర్ ఉండేది. వేడిగాలి పైకెక్కుతుంది కాబట్టి పైనే దానికి దారి పెట్టాడు పాత మేస్త్రీ. అంతకు ముందు మట్టి మిద్దెకు గవాచి వదిలినవాడి బుద్ధి కూడా అదే. ఇప్పుడు ఫాల్స్ సీలింగ్ సరిగ్గా ఆ వెంటిలేటర్ కిందికి దిగింది. లైట్లు దాచాలి కదా! మనలాంటి వేడి, పొడి ప్రాంతాల్లో గది నేలలో కనీసం పదో వంతు కిటికీలుండాలని నేషనల్ బిల్డింగ్ కోడ్ అంటుంది. 120 చదరపు అడుగుల గదికి 12 అన్నమాట. పాత చెక్క రెక్కలు బార్లా తెరుచుకునేవి. వాటిని పీకి పెట్టిన యూపీవీసీ స్లైడింగ్ సగమే తెరుచుకుంటుంది. పన్నెండు ఆరయింది. ఆ ఆరింటికీ కర్టెన్.

ఇక చిమ్నీ. దీని మీద నాకున్న కోపం ఇప్పట్లో చల్లారేది కాదు.

డబ్బా మీద 1200 అని రాసి ఉంటుంది. గంటకు అన్ని ఘనపు మీటర్ల గాలిని లాగుతుందట. బామ్మర్ది ఫ్లాటు 700 చదరపు అడుగులు, తొమ్మిదిన్నర అడుగుల ఎత్తు. అంటే ఇంటిమొత్తం మీద ఉన్న గాలే 190 ఘనపు మీటర్లు. డబ్బా మాట నిజమైతే గంటకు ఆరుసార్లు ఇల్లంతా ఖాళీ కావాలి. కానివ్వండి, సంతోషం. బయటికి పోయినంత గాలి మళ్లీ ఎటునుంచి వస్తుంది? కిటికీలు బిగించారు, వెంటిలేటర్లు పూడ్చారు, తలుపు కింద సందుకు రబ్బరు పట్టీ వేశారు.

నేను చెప్తాను ఎటునుంచి వస్తుందో. బాత్‌రూం నుంచి వస్తుంది. నీళ్లెండిన జాలీ నుంచి, డక్టు వైపు బొక్క నుంచి. ఎండుమిరపకాయ తాలింపు ఘాటు బయటికి పోతుంటే కింది అంతస్తు వాళ్ల బాత్‌రూం పరిమళం పప్పులోకి దిగుతుంది. ఇంటావిడ ముక్కు మూసుకుని "సక్షన్ సరిపోతలేదు" అంటుంది. అమ్మినవాడొచ్చి 1400ది పెట్టుకోమంటాడు. పెట్టుకుంటే వాసన ఇంకాస్త జోరుగా వస్తుంది. గొట్టమే లేకుండా పొగను బొగ్గు ఫిల్టర్‌లోంచి తిప్పి మళ్లీ వంటింట్లోకే వదిలే రకం మరొకటుంది. దాన్ని కొన్నవాళ్లకు నా నమస్కారం.

డక్టుల్లో ఏసీ అవుట్‌డోర్ యూనిట్లు బిగించి, నాలుగు ఇళ్ల బాత్‌రూం కిటికీల్లోకి వేడి ఊదుతున్నవాళ్లు వేరే. పావురాలొస్తాయని ఆ డక్టు నెత్తిన ఫైబర్ షీటు కప్పినవాళ్లు వేరే. కూలర్‌ను గది మధ్యలో పెట్టి తలుపులన్నీ మూసి, తెల్లారి ఒళ్లంతా జిడ్డని వాపోయేవాళ్ల గురించి మాట్లాడనే మాట్లాడను.

నవ్వులాట ఇంతవరకే. అదే కొటేషన్‌లో బాత్‌రూంకు గ్యాస్ గీజర్ రాసి, అదే బాత్‌రూం వెంటిలేటర్‌కు 'టఫెన్డ్ గ్లాస్, ఫిక్స్‌డ్' అని రాశారు. ఎల్‌పీజీ మండటానికి గాలి కావాలి. చాలకపోతే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. స్నానానికి పోయిన పిల్ల తలుపు తీయలేదన్న వార్తలు మనం పేపర్లో చదవలేదా? ఆ అద్దం బిగించమన్నవాడికి ఈ ముక్క తెలియకపోతే ఆ పని చేయకూడదు, తెలిసీ బిగిస్తే వాణ్ని ఇంటి గడప తొక్కనీయకూడదు. అందం కోసమట! ఎవరి అందం? ఇంకోటి. మన కాళ్ల కింద ఉన్నది గ్రానైటు. మా జిల్లా లంబాపూర్, పెద్దగట్టుల్లో యురేనియం ఉందనే కదా తవ్వడానికి బయల్దేరారు, జనం అడ్డంపడ్డారు. ఇలాంటి నేల నుంచి రేడాన్ వాయువు కింది ఇళ్లలోకి ఎంతో కొంత వస్తుంది. గాలి ఆడితే పోతుంది, బిగిస్తే పేరుకుంటుంది. ఇదేదీ కొటేషన్‌లో ఉండదు. 2023లో రాష్ట్రం కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది, స్లాబుకు తెల్లరంగు వేసుకోండి మొర్రో అంది. అదీ ఉండదు. సున్నంలో కమీషన్ ఎంతని?

దుమ్ము, దోమలు, కోతులు అంటారా? నిజమే, మా కోతులు ఫ్రిజ్ తలుపు కూడా తీస్తాయి. గ్రిల్లుకు జాలీ కొట్టించండి. ఎక్కడ పూడ్చారో అక్కడ వెంటిలేటర్ తెరవండి. వంటింట్లో 9 ఇంచుల ఎగ్జాస్ట్ ఫ్యాన్, బాత్‌రూంలో 6 ఇంచులది, బాత్‌రూం తలుపు కింద వేలెడు సందు. రాత్రి ఎదురెదురు కిటికీలు తీసి పడుకోండి, ఎండెక్కకముందే మూయండి. గీజర్ డబ్బాను గాలాడే బాల్కనీలోకి మార్చి, నీళ్ల గొట్టం ఒక్కటే లోపలికి రానివ్వండి.

ఇదంతా కొటేషన్ వెనక రాసి ఇంటీరియర్ ఆయనకు పంపాను. ఫోన్ చేశాడు.

"ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెడితే లుక్ మొత్తం పోతది సార్."

పోనీయమన్నాను.