ఒకటో నంబరు

స్విచ్ వేయగానే నా తెర మీద 001 పడుతుంది. అంటే గ్రాండ్ పియానో. నిజమైన పియానోకు 88 మెట్లు, నాకు 61. కడుపులో తీగల్లేవు, సుత్తుల్లేవు. ఎవరో ఎక్కడో వాయించిన స్వరాలను చిప్పులో దాచుకున్న కీబోర్డును నేను. ఇండియన్ మోడల్‌ని కాబట్టి తబలా, తంబురా కూడా పలుకుతాను.

నన్ను నారాయణఖేడ్‌లో ఒక చర్చి కోసం కొన్నారు. ఆదివారం ఆరాధన, మిగతా రోజుల్లో మా కీబోర్డిస్టు వెంట పెండ్లిళ్లు. 1956 దాకా బీదర్ జిల్లాలో ఉన్న తాలూకా ఇది. అందుకే ఒక్క బరాత్‌లోనే తెలుగు, కన్నడ, మరాఠీ పాటలు అడుగుతారు. స్ట్రింగ్స్ కావాలంటారు, ఫ్లూట్ కావాలంటారు. ఒకటో నంబరును మాత్రం ఎవరూ అడగరు. స్విచ్ పడగానే మా కీబోర్డిస్టు వేలు దాన్ని దాటేసి పోతుంది.

దాని మీద నిలబడ్డది అతని మేనకోడలు, ఇంటర్ చదివే పిల్ల. ఫోన్‌లో యిరుమా పాట విన్నది. యిరుమా దక్షిణ కొరియా వాడు, 1978లో పుట్టాడు, లండన్‌లో చదువుకున్నాడు. 2001లో వచ్చిన ‘రివర్ ఫ్లోస్ ఇన్ యూ’ అతనిదే. పాటంతా దాదాపు నాలుగు కార్డ్‌ల చుట్టే తిరుగుతుంది: ఎఫ్ షార్ప్ మైనర్, డి, ఎ, ఇ. నల్ల మెట్లంటే ఈ పిల్లకు భయం. ట్రాన్స్‌పోజ్ బటన్‌తో శ్రుతి మూడు మెట్లు తగ్గించి, ఎ మైనర్, ఎఫ్, సి, జి పట్టుకుని మొత్తం తెల్ల మెట్ల మీదే లాగించింది. దొంగతనమే, కానీ చెవికి దొరకదు.

పెడల్ దగ్గర మాత్రం దొరికిపోయింది. పెడల్ లేకుంటే వేలు తీయగానే నా స్వరం తెగిపోతుంది. ఈ రకం సంగీతానికి ప్రాణమంతా ఒక స్వరం మీదికి ఇంకోటి పారడంలోనే ఉంది. హైదరాబాద్ నుంచి పెడల్ తెప్పించారు. అది షాబాదు బండల మీద జారి మంచం కిందికి పోయేది. చివరికి తడి గోనెసంచి మడిచి అడుగున వేసింది.

“గిదేం పాట బిడ్డా, ఒక్కటే తీర్గ తిర్గుతున్నది?” అన్నది నాయినమ్మ. పెద్ద పెద్ద సంగీత విమర్శకులు అనేదీ అదే. ఇటలీ వాడు లుదోవికో ఎయినౌదీని కూడా అలాగే అంటారు. 2016లో గ్రీన్‌పీస్ కోసం ఆయన ఆర్కిటిక్‌లో, హిమానీనదం ఎదుట, నీళ్ల మీద తేలే వేదికపై పియానో వాయించాడు. వెనక మంచుపెళ్లలు విరిగి పడుతుంటే వాయించింది కొన్ని స్వరాలే. (ఆ చలికి నేనైతే స్విచ్ వేసినా పలికేదాన్ని కాదు.) తిరిగిందే తిరగడం నాకు తప్పనిపించదు. ఎడమ చేయి ఒకే దారిన తిరుగుతుంటేనే కదా, నేర్పే గురువు లేని ఊళ్లో కుడి చేతికి ధైర్యం వచ్చేది.

మా జాతిని తక్కువ చేయకండి. ఎ.ఆర్. రెహమాన్ ఒకప్పుడు రాజ్-కోటి దగ్గర కీబోర్డు వాయించినవాడే. మణిశర్మ కూడా కీబోర్డు మీంచి వచ్చినవాడే. 2023లో ఆస్కార్ వేదిక మీద కీరవాణి తాను కార్పెంటర్స్ అనే అన్నాచెల్లెళ్ల జంట పాటలు వింటూ పెరిగానని చెప్పి, వాళ్ల బాణీలోనే కృతజ్ఞత పాడాడు. వడ్రంగుల గురించి అనుకున్నవాళ్లూ లేకపోలేదు! ఆ జంటలో అన్న రిచర్డ్ కార్పెంటర్ ఇంట్లో వాళ్లతో కలిసి, పియానో ముందు కూర్చుని జవాబుగా పాడి వీడియో పెట్టాడు.

మొన్న ఈ పిల్ల సొంతంగా ఒక బాణీ కట్టి నాలో రికార్డు చేసింది. అది ఎక్కిన చోట చర్చి పాస్టర్ అయ్యగారి క్రిస్మస్ పాట ఉండేది. ఆదివారం ఆయన ప్లే నొక్కితే ఈ బాణీ మోగింది. మా కీబోర్డిస్టు బిత్తరపోయాడు. అయ్యగారు రెండుసార్లు విని, “కానుకలు పట్టేటప్పుడు ఇది వాయించు బిడ్డా. ముందైతే నా పాట మళ్ల ఎక్కియ్యి” అన్నారు.