రసం ఎవరికి? తొక్క ఎవరికి?

సైన్సు చదివే పిల్లలకి నోరు లేదని ఎవరో కనిపెట్టారు. కనిపెట్టిన నాటి నుంచి ఆ నోరు తెరిపించే వ్యాపారం మన విజయవాడలో బందరు రోడ్డంత పొడుగు సాగింది. ఈమధ్య ఓ కాలేజీలో ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ విద్యార్థులకి రెండు రోజుల కమ్యూనికేషన్, నెగోషియేషన్ స్కిల్స్ శిక్షణ పెట్టారు. కాలేజీ పేరు చెప్పను. ఎక్కడికెళ్ళినా అదే ఫ్లెక్సీ, అవే బొకేలు. కెమిస్ట్రీ చెప్పి రిటైరైన వాణ్ణి కదా అని నన్నూ పిలిచి చివరి వరసలో కూర్చోబెట్టారు.

ట్రైనర్ గారి మొదటి స్లైడులోనే అంకెలు. మనం చెప్పేదాంట్లో మాటల వాటా 7 శాతం, గొంతుది 38, ముఖానిది 55. హాలు హాలంతా వంచిన తల ఎత్తకుండా రాసుకుంది. బ్యూరెట్ రీడింగులో రెండో దశాంశ స్థానం తేడా వస్తే రికార్డు విసిరికొట్టించుకున్న పిల్లలు వీళ్ళే. ఆ అంకెలు అమెరికాలో ఆల్బర్ట్ మెహ్రాబియన్ అనే సైకాలజిస్టు 1967లో చేసిన రెండు ప్రయోగాల్లోంచి వచ్చాయి. విడివిడి మాటల్ని రకరకాల గొంతులతో వినిపించి, ముఖాల ఫొటోలు చూపించి, ఈ మనిషిది ఇష్టమా అయిష్టమా అని అడిగారు. అంతవరకే ఆ లెక్క. మిగతా మాటలకి దాన్ని అంటగట్టొద్దని ఆయనే మొత్తుకున్నాడు. నిజంగా మాటకి ఏడు శాతమే అయితే థర్మోడైనమిక్స్ రెండో సూత్రాన్ని కనుబొమలతో చెప్పేయొచ్చు. అభినయమే కావాలంటే కూచిపూడి మనకి ఎంత దూరం? అక్కడ కూడా సత్యభామ నోరు విప్పి మాట్లాడుతుంది మరి.

ముందు వరసలో ఒకమ్మాయి లేచి, ‘ఈ శాతాలు ఎలా లెక్కగట్టారు సార్?’ అని అడిగింది. ఆ రెండు రోజుల్లో జరిగిన అసలైన కమ్యూనికేషన్ అదొక్కటే. ట్రైనర్ గారు చల్లగా నవ్వి, ‘నెగెటివ్ ఆటిట్యూడ్ వద్దమ్మా’ అన్నారు. చప్పట్లు. సైన్సు విద్యార్థికి ఉన్న ఒకే ఒక్క భాషని, ‘ఎలా తెలుసు?’ అన్న ప్రశ్నని, అలా మడిచి జేబులో పెట్టించి, దాని స్థానంలో షేక్ హ్యాండ్ ఎలా ఇవ్వాలో నేర్పారు.

తర్వాత ‘ఎలివేటర్ పిచ్’. లిఫ్టులో ఓ పెద్దమనిషి ఎదురైతే ముప్ఫై సెకన్లలో మన పరిశోధన ఇంగ్లీషులో చెప్పేయాలి. ఆ బిల్డింగులో లిఫ్టు తలుపు మీద ‘స్టాఫ్‌కి మాత్రమే’ అని బోర్డుంది. పిల్లలు మెట్లెక్కి వచ్చి లిఫ్టులో మాట్లాడ్డం నేర్చుకున్నారు.

నిజం చెప్పాలంటే మాట్లాడ్డం వాళ్ళు నేర్చుకోవాల్సిందే. నాకు తెలిసిన ఓ కుర్రాడు రొయ్యల జబ్బుల మీద పీహెచ్‌డీ చేస్తున్నాడు. కైకలూరులో సొంత బాబాయికి రొయ్యల చెరువులున్నాయి. ‘ఏరా అబ్బాయ్, నీ చదువు నా చెరువుకేమన్నా పనికొస్తుందా?’ అని ఆయనడిగితే వీడు బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డాడు. అదీ నేర్పాల్సిన విద్య. కానీ బాబాయికి చెప్పాల్సింది తెలుగులో. తెలుగులో చెబితే అది స్కిల్ కాదు, సర్టిఫికెట్టు రాదు. తెనాలి నుంచి బెనారస్ వెళ్ళి ఫిజిక్సు ఎమ్మెస్సీ సగంలో ఆపేసిన కొడవటిగంటి కుటుంబరావు జీవితమంతా సైన్సుని తెలుగులో చెబుతూనే ఉన్నాడు. ఈ వర్క్‌షాపుకి వచ్చుంటే ఆయనకి ‘నీడ్స్ ఇంప్రూవ్‌మెంట్’ అని రాసేవాళ్ళు.

రెండో రోజు బేరం. బీసెంట్ రోడ్డులో ఐదొందలన్న చొక్కాని నూటయాభైకి అడిగి, రెండడుగులు వెనక్కేసి, రెండొందలకి తెచ్చుకునే ఊరికి బేరం నేర్పడానికి ఫిషర్, యూరీ అనే ఇద్దరు దొరల 1981 నాటి పుస్తకంలోంచి కమలాపండు కథ చెప్పారు. ఇద్దరు పిల్లలు ఒక పండు కోసం కొట్టుకుని చెరి సగం పంచుకున్నారు. తీరా చూస్తే ఒకరికి కావాల్సింది లోపలి పండు, ఇంకొకరికి పైతొక్క. ముందే మాట్లాడుకుంటే ఇద్దరికీ మొత్తం దక్కేది కదా అని నీతి. విన్-విన్.

కృష్ణా కాలవల కింద పుట్టినవాడు ఈ కథ నమ్మకూడదు. కృష్ణా నీళ్ళు పంచమని బచావత్ ట్రిబ్యునల్‌ని 1969లో వేస్తే తుది మాట రావడానికి 1976 అయింది. ఉమ్మడి రాష్ట్రానికి 811 టీఎంసీలు. రాష్ట్రం విడిపోయాక, 2015లో, 512 ఇటు, 299 అటు అని తాత్కాలికంగా రాసుకున్నారు. ఆ తాత్కాలికం మీదా తగువే. ఎందుకంటే నీళ్ళకి తొక్క ఉండదు. పైవాడికీ కిందవాడికీ కావాల్సింది అదే రసం.

పరిశోధక విద్యార్థి బేరమూ అంతే. పేపర్లో మొదటి పేరు ఎవరిదన్న దాంట్లో తొక్కేది? స్టైపెండులో తొక్కేది? గైడు గారి సంతకం పడితే థీసిస్ కదులుతుంది, పడకపోతే ఆగుతుంది. ఆయన పరీక్ష పేపర్లు దిద్దిపెట్టి, ఆయనింటి పెళ్ళికి శుభలేఖలు పంచి, గంగిరెద్దులా తలూపుతూ ఐదేళ్ళు గడిపే మనిషికి ‘ఐ కాంటాక్ట్ మిస్సవకండి’ అని చెబితే, ఏనుగు కాలి కింద పడ్డవాడికి నడక ఎలా ఉండాలో చెప్పినట్టు. అడగందే అమ్మయినా పెట్టదంటారు. నిజమే. అడిగితే సంతకం ఆగదని ముందు ఎవరన్నా హామీ ఇవ్వాలి కదా!

ఈ దేశంలో పరిశోధక విద్యార్థులు గెలిచిన బేరాలు లేకపోలేదు. 2015లో నెట్ పరీక్ష పాసవ్వనివాళ్ళ ఫెలోషిప్ ఎత్తేస్తామంటే ఢిల్లీలో యూజీసీ ఆఫీసు ముందు బైఠాయించారు. 2018 చివర్లో మళ్ళీ రోడ్డెక్కితే నెలకి 25,000 ఉన్న జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్, అదే జేఆర్‌ఎఫ్ 2019లో 31,000 అయింది. 2023 నుంచి 37,000. ఎవరి బాడీ లాంగ్వేజీ చూసి పెంచలేదు, గుంపుగా వచ్చారని పెంచారు. ఆ చాప్టర్ ట్రైనర్ గారి స్లైడ్లలో లేదు.

గుంపు లేకుండా ఒంటరిగా నోరు తెరిచిన మనిషీ మన ఊళ్ళో ఉండేవాడు. పటమటలో ఆ గోరా గారి నాస్తిక కేంద్రం ఉంది. ఆయన వృక్షశాస్త్రంలో ఎం.ఏ. దేవుడు లేడన్నందుకు 1933లో కాకినాడ పి.ఆర్. కాలేజీలో ఉద్యోగం పోయింది. తర్వాత బందరు హిందూ కాలేజీలోనూ అదే మాట, అదే ఫలితం. 1940లో ముదునూరులో కేంద్రం పెట్టి 1947లో పటమటకి మార్చారు. మధ్యలో సేవాగ్రామ్ వెళ్ళి సాక్షాత్తూ గాంధీ గారితోనే దేవుడి గురించి వాదించారు. ఆయనకి ఎవరూ సాఫ్ట్ స్కిల్స్ నేర్పకపోవడం మన అదృష్టం. గాంధీ గారు కూర్చుని విన్నారు, అది ఇంకా పెద్ద అదృష్టం. వినేవాడు ఉంటే మాట దానంతటదే వస్తుంది. మరి వినడం నేర్పే వర్క్‌షాపు గైడులకి, హెచ్‌ఓడీలకి, వీసీలకి పెట్టిన ఫ్లెక్సీ మీరెక్కడన్నా చూశారా?

సర్టిఫికెట్ల పంపకం అయింది. రసం ట్రైనర్ గారితో కారెక్కింది. ముందు వరసలో ప్రశ్న అడిగిన అమ్మాయి కుర్చీలు సర్దుతోంది. గైడు గారు గుమ్మంలోంచి, ‘అమ్మా, ఆ బొకేలు నా కారు దాకా పట్టుకురా’ అన్నారు. ‘సరే సార్’ అంది.

ట్రైనర్ గారి లెక్కే ఖాయం చేసుకుంటే ఆ రెండు మాటలూ ఏడు శాతం. మిగతాదంతా ఆమె ముఖంలోనే ఉంది. గైడు గారు అప్పటికే వెనక్కి తిరిగి కారు వైపు నడుస్తున్నారు.