రెండు రూపాయల పెంపు అందుకున్నవారి విన్నపం

మహారాజశ్రీ కేంద్ర కార్మిక మంత్రిత్వ శాఖ వారి సముఖానికి,

దేశంలోని దినకూలీలు, ఫ్యాక్టరీ కార్మికులు, సెక్యూరిటీ గార్డులు చేసుకునే విన్నపం ఏమనగా, 2017 జూన్‌లో ఏలినవారు జాతీయ కనీస వేతనాన్ని రోజుకు 176 రూపాయలు చేశారు. ఆ తర్వాత దయతలచి 178 చేశారు. అదీ చట్టం కాదు, రాష్ట్రాలకు సలహా మాత్రమే. ఏలినవారు వేసుకున్న అనూప్ సత్పతీ కమిటీయే 2019లో మనిషికి రోజుకు 2,400 కేలరీలు, 50 గ్రాముల మాంసకృత్తులు, 30 గ్రాముల కొవ్వు కావాలని లెక్కగట్టి, కూలి 375 రూపాయలకు తగ్గకూడదంది. నివేదిక మాత్రం బీరువాలో భద్రంగా ఉండే ఉంటుంది.

ముందు ఉత్పాదకత పెంచండి, జీతం దానంతటదే పెరుగుతుందని పెద్దలు చెబుతూ వచ్చారు. కార్మికులు నమ్మారు, పెంచారు. సంఘటిత ఫ్యాక్టరీల్లో 1980ల మొదట్లో నికర అదనపు విలువలో కార్మికుల వేతనాల వాటా దాదాపు 30 శాతం. 2008 ప్రాంతానికి అది 10 శాతం దగ్గరికి జారి, ఆ తర్వాత కాస్త తేరుకుంది. 2000 ప్రాంతంలో ఐదుగురిలో ఒకరు కాంట్రాక్టు కార్మికుడైతే, ఇప్పుడు ఇద్దరు. బేరమాడే నోరు లేనివాడికి వాటా ఎవరిస్తారు?

ఇవన్నీ యూనియన్ కరపత్రంలో మాటలని కొట్టిపారేయడానికీ లేదు. 2023-24లో కంపెనీల లాభాలు 22.3 శాతం పెరిగితే ఉద్యోగాలు 1.5 శాతమే పెరిగాయని, జీతాల ఖర్చు పెరిగే వేగం తగ్గిందని 2025 జనవరిలో ఆర్థిక సర్వేయే రాసింది.

ఉత్పాదకత పెరిగినంత కూలీ పెరగాలన్నదే మా కోరిక. అలాగని సిరిసిల్లలో నాలుగు సాంచాలు (మరమగ్గాలు) పెట్టుకుని కూలికి బట్ట నేసిచ్చే ఆసామిని పెద్ద కంపెనీతో ఒకే గాటన కట్టమని ఎవరూ అడగడం లేదు. అతనికి మిగిలేదే అంతంతమాత్రం. ఇక వీధులూడ్చే మనిషి పనిని యంత్రంలా రెట్టింపు చేయలేదు, నిజమే. కానీ ఇంటి అద్దె కట్టేది, బియ్యం కొనేది ఫ్యాక్టరీ కార్మికుడున్న ఊళ్లోనే కదా! అందుకే ఒక్కో కంపెనీ లెక్క సరిపోదు, దేశం మొత్తం మీద పెరిగిన ఉత్పాదకతను చూడాలి.

ఇదేమీ కొత్త కోరిక కాదు. 1948లో అమెరికాలో జనరల్ మోటార్స్ కార్మికుల ఒప్పందంలో ధరలతోపాటు ఉత్పాదకతకూ ఏటా పెంపు రాసుకున్నారు. ఆ సూత్రం ప్రతిపాదించింది యూనియన్ కాదు, కంపెనీ అధ్యక్షుడు చార్లెస్ విల్సన్. కంపెనీ మునిగిపోలేదు సరికదా, ఆ తర్వాత రెండు దశాబ్దాలూ దానికి మంచి రోజులే.

2025 నవంబరు 21న వేతనాల కోడ్ అమల్లోకి వచ్చింది. దాని 9వ సెక్షన్ కింద దేశమంతటికీ కనీస కూలి నిర్ణయించే అధికారం ఏలినవారిదే, అది సలహా కాదు, శాసనం. ధరలను బట్టి ఏప్రిల్‌లో, అక్టోబరులో కరువు భత్యం మార్చే అలవాటు ఎలాగూ ఉంది. ఆ భత్యం ఉత్తర్వులోనే ఉత్పాదకతకూ ఒక గడి పెట్టించి, ఏటా అందులో అంకె వేయించవలసిందిగా ప్రార్థన.