మొదలు చూసే మనిషి

పెళ్లిచూపులకి వెళ్లినవాళ్లు ముఖం చూస్తారు, ఉద్యోగం చూస్తారు, తీరిక ఉంటే చేపల చెరువులు కూడా చూసొస్తారు. మా ఏలూరు పవరుపేట బోన్సాయి బాబాయిగారు మాత్రం మొదలు చూస్తారు. వాళ్లన్నగారి మనవరాలికి తాడేపల్లిగూడెం సంబంధం చూసొచ్చిన రోజు, "కుర్రాడెలా ఉన్నాడు బాబాయిగారూ?" అని అడిగాను.

"కుర్రాడి మాటకేంగానీ అబ్బాయ్, వాళ్ల గేటు పక్కన కాగితంపూల చెట్టుంది. దాని మొదలు నా తొడంత! ఈ సంబంధం వదులుకోకూడదు."

బోన్సాయి బాబాయి ఏ ఊళ్లోనైనా ఒకరుంటారు. పోల్చుకోవడం తేలిక. గోళ్లలో మట్టి, జేబులో కత్తెర. పాత మేడల కింద నిలబడి, గొట్టం పగుల్లో మొలిచిన రావి మొక్కకేసి గుటకలు మింగుతుంటారు. ఇంటివాళ్లు మునిసిపాలిటీ నుంచి వచ్చారేమోనని కంగారుపడి కుర్చీ వేస్తారు.

మా బాబాయిగారు ఉద్యోగం చేసినన్నాళ్లూ మురుగుకాలవల సెక్షన్లో చేశారు. అందుకే ఆయన భాషంతా కొల్లేరే. తొట్టి అడుగున ఉండే బెజ్జం పేరు ఉప్పుటేరు. "పైనుంచి బుడమేరు తెచ్చి పోయి, తమ్మిలేరు తెచ్చి పోయి, నాకు బెంగలేదు. ఉప్పుటేరు పూడిందా, వేళ్లు కుళ్లి కొంప కొల్లేరే!" అంటారు. కొంప కొల్లేరవడమనే మాటని మొక్కల వైద్యానికి వాడిన మొదటి మనిషి ఈయనే అయ్యుంటారు.

కొల్లేటి నల్లమట్టి మాత్రం ఆయన తొట్లకి పనికిరాదు. తడిస్తే జిగురు, ఎండితే ఇటిక. నీళ్లు నిలవకుండా జారిపోయే గరుకుమట్టి కావాలి. కనుక జనం ద్వారకాతిరుమల వెళ్లి ప్రసాదంతో తిరిగొస్తే ఈయన మెట్ట గరపమట్టి సంచీతో తిరిగొస్తారు. దాన్ని ఇటికముక్కల పొడితో, చివికిన పశువుల ఎరువుతో కలిపి జల్లిస్తారు. ఆ జల్లెడ పిన్నిగారిది. కొమ్మ కోసిన చోట రాసే పసుపు పిన్నిగారిది. కొమ్మలు వంచే తీగ కూడా మొన్నమొన్నటిదాకా పిన్నిగారి బట్టలారేసుకునే తీగే.

"మొక్కై వంగనిది మానై వంగునా అన్న పెద్దమనిషికి పాపం అల్యూమినియం తీగ దొరికుండదు," అని బాబాయిగారి సిద్ధాంతం.

కడియం నర్సరీలకి వెళ్లినా అంతే. అందరూ విరగబూసిన తొట్లు బేరమాడుతుంటే ఈయన షెడ్డు వెనక్కి వెళ్లి, పారేసిన మొద్దుల్లో దేవులాడతారు. మొదట్లో ఊరికే ఇచ్చేవాళ్లు. ఆయన కళ్లల్లో మెరుపు కనిపెట్టాక ఇప్పుడు మొద్దుకే ఎక్కువ అడుగుతున్నారు.

పూల సంగతి ఎత్తితే ఇక రైలు దిగడం కష్టం. ఏలూరులో పాసింజరెక్కి, భీమడోలు వచ్చేలోపు బోన్ అంటే పళ్లెమనీ, సాయ్ అంటే నాటడమనీ, విద్య చైనావాళ్లదైతే పేరు జపానువాళ్లదనీ చెప్పేస్తారు. ఉంగుటూరు వచ్చేసరికి ఎదుటివాడి చేతిలో కాగితంపువ్వు పెడతారు. "ఈ రంగుది పువ్వనుకుంటున్నావా? కాదు, రంగేసుకున్న ఆకు. లోపల తెల్లగా పుల్లల్లా ఉన్నాయే, అవీ పువ్వులు. 1760ల్లో బూగన్‌విల్లి అనే ఫ్రెంచి నావికుడితో ఓడెక్కినవాళ్లు బ్రెజిల్లో చూసి, ఆయన పేరే పెట్టారు." గూడెంలో దిగాల్సినవాడు నిడదవోలులో దిగిన సందర్భాలున్నాయి.

కాగితంపూలకి ఆయన సూత్రం ఒకటే: పువ్వు కొత్త చిగురు మీదే వస్తుంది కాబట్టి కోయాలి, దాహమేస్తేనే పూస్తుంది కాబట్టి మాడ్చాలి. ఆకులు వడలిన రోజున బాబాయిగారికి పండగ. పిన్నిగారికి మాత్రం ప్రాణం ఉసూరుమంటుంది. రాత్రి ఆయన పడుకున్నాక గుట్టుగా బియ్యం కడుగు పోసేస్తారు. మొక్క ఆకులతో బలిసిపోతుంది, పువ్వు మాత్రం ఉండదు. తెల్లారి బాబాయిగారు భూతద్దంతో కూర్చుని మట్టిలో నత్రజని ఎక్కడినుంచి వచ్చిందా అని పరిశోధన చేస్తారు.

మందారం కథ ఇంకా ఘోరం. కొమ్మ కోసేకొద్దీ ఆకు చిన్నదవుతుందిగానీ పువ్వు మట్టుకు చిన్నదవదు. జానెడు మొక్కకి అరచేతంత పువ్వు! రెండేళ్లు వంచి, కోసి, కట్టి, చివరికి ఒక్క మొగ్గ వేయించారు. మర్నాడు ఫోటో తీయడానికి నన్ను పొద్దున్నే రమ్మన్నారు. వెళ్లేసరికి పువ్వు అమ్మవారి పాదాల దగ్గరుంది. "ఎన్నాళ్లకో పూసింది, ఫోటోకా, దేవుడికా?" అన్నారు పిన్నిగారు. పూజగదిలోనే ఫోటో తీశాం. బాబాయిగారు కళ్లొత్తుకుంటుంటే భక్తి అనుకున్నారందరూ.

"ఇంట్లో మరుగుజ్జు చెట్లుంటే సంసారానికి ఎదుగూ బొదుగూ ఉండదటండీ," అని ఎవరైనా అంటే ఆయన మాట్లాడరు. ఆరడుగుల కొడుకుని పిలిచి గుమ్మంలో నిలబెడతారు.

లోతులేని తొట్లు గనక ఎండాకాలం ఒక్క పూట నీళ్లు తప్పితే చాలు, చాలా మొక్కలకి మూడినట్టే. కాబట్టి బాబాయిగారు రాత్రికి ఎక్కడా ఉండరు. ఒక్కసారి తప్పనిసరై తిరుపతి వెళ్తూ నాకో చీటీ ఇచ్చారు. చెట్లన్నీ జానెడు, చీటీ కొల్లేటి చాంతాడు. "7వ నంబరు: రోజుకి రెండుసార్లు. 11వ నంబరు: దాహమేసినట్టు నటిస్తుంది, నమ్మొద్దు. మీ పిన్నిని అసలే నమ్మొద్దు."

డాబా మీద స్థలం తగాదా ఏటా ఉండేదే. 1999లో ఐదో కాంటూరు దాకా కొల్లేటిని అభయారణ్యమన్నారు, గట్లు వేసి చెరువులు తవ్వారు, 2006లో ఆపరేషన్ కొల్లేరని ఆ గట్లు కొట్టారు. ఇక్కడా అదే జరిగింది. పిన్నిగారు సుద్దముక్కతో గీత గీసి ఇవతల వడియాలకని చెప్పారు. రోజుకో తొట్టి చొప్పున గీత దాటింది. ఆవకాయ రోజుల్లో ఓ మధ్యాహ్నం బాబాయిగారు కునుకు తీసి లేచేసరికి తొట్లన్నీ ఐదో కాంటూరు అవతల ఉన్నాయి, గీత మీద మామిడిముక్కలు ఎండుతున్నాయి. కాలవలూ కాంటూర్లూ కొలిచిన మనిషి కదా, గీతలోని న్యాయం ఒప్పుకున్నారు. పునరావాసం మాత్రం అడిగారు. మెట్లు ఇచ్చారు.

మూడేళ్ల కిందట ఆయన ఓ కాగితంపూల కొమ్మని "దీనికి మొదలు రాదు" అని గోడ మీంచి అవతలికి విసిరేశారు. అది మా ప్రహరీ పక్కన మురుక్కాలవ గట్టున పడి వేళ్లూనుకుంది. ఎవరూ కోయలేదు, వంచలేదు, పిన్నిగారి బియ్యం కడుగు కూడా అందలేదు. ఈ ఫాల్గుణంలో ఒక్క ఆకు కనపడకుండా పూసింది. గోడ కనపడదు. బడిపిల్లలు ఆగి సెల్ఫీలు తీసుకుంటున్నారు.

ఇన్నాళ్లకి దొరికారని బాబాయిగారిని పిలుచుకొచ్చాను. ఆయన తలెత్తలేదు. పంచె పైకి మడిచి గొంతుకు కూర్చున్నారు, వేలితో మట్టి తోడారు, నాలుగువైపుల నుంచీ చూశారు. నెత్తిమీద గులాబీరంగు రేకులు రాలుతుంటే దోమలనుకుని తోలుకున్నారు.

"ఏవండీ, ఒక్కసారి పైకి చూడండి!" అని డాబా మీంచి పిన్నిగారు కేకేశారు.

చూశారు. చాలాసేపే చూశారు. లేచి, చేతులు దులుపుకుని, నా భుజం మీద చెయ్యేసి మెల్లిగా అన్నారు:

"మొదలు బ్రహ్మాండం అబ్బాయ్. పైదంతా కొట్టేద్దాం."