బాలానగర్ ఆత్రగాడు

సిగ్నల్లో ఇంకా ముప్పై సెకన్లు ఉండగానే ఆత్రగాడి బండి గుర్రుమంటుంది. ఇరవైకి ముందు చక్రం తెల్లగీత దాటుతుంది. అయిదుకి హారన్ మొదలు. ముందున్న ఆర్టీసీ డ్రైవరుకు ఆకుపచ్చ లైటు కనబడదని ఇతని గట్టి నమ్మకం. హెల్మెట్ మాత్రం మోచేతికి వేలాడుతుంటుంది. దాన్ని తలకెత్తుకునే తీరికేదీ!

2017 ఆగస్టులో ఇక్కడ ఫ్లైఓవర్‌కు పునాదిరాయి పడింది. 2021 జూలైలో బండ్లు ఎక్కాయి. 1.13 కిలోమీటర్లు, ఆరు వరసలు, బాబూ జగ్జీవన్ రామ్ పేరు. దాదాపు నాలుగేళ్లు నర్సాపూర్ చౌరస్తా దుమ్ము మింగుతూ కిక్కురుమనకుండా తిరిగిన మనిషే, ఇప్పుడు దాని మీద ఆటో కాస్త నెమ్మదిస్తే "పోతవా, పోవా?" అని గద్దిస్తాడు.

ఆదివారం రాయదుర్గంలో తమ్ముడింటికి మెట్రోలో వెళ్తాడు. దిగి రైలు మారాల్సింది అమీర్‌పేటలో. ఎర్రగడ్డ రాకముందే లేచి తలుపును ఆనుకుంటాడు. మధ్యలో ఈఎస్‌ఐ, ఎస్.ఆర్.నగర్‌లలో ఎక్కేవాళ్లకూ దిగేవాళ్లకూ ఇతనే అడ్డం. అమీర్‌పేటలో రెండేసి మెట్లు దూకుతూ బ్లూ లైన్ ప్లాట్‌ఫారం చేరతాడు. బండి రాలేదు. ఎస్కలేటర్ మీద తాపీగా వచ్చిన పెద్దాయన పక్కనే నిలబడతాడు. ఆత్రగాడు ఫోనులోకి తల దూరుస్తాడు.

పుట్టుకతోనే ఇంత ఆత్రమా అంటే, కాదు. అతను టూల్ రూములో పనివాడు. బాలానగర్‌లో 1968 నుంచి సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ ఉంది. డైలు, అచ్చులు ఈ వీధుల్లో మామూలు మాటలు. గ్రైండింగ్ మిషన్ ముందు కూర్చుంటే మనిషే మారిపోతాడు. ఒకేసారి ఎక్కువ కోత పెడితే ఉక్కు వేడెక్కి జాబ్ చెడుతుంది. అందుకే మైక్రాన్ల లెక్కన, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతుల చొప్పున, కాస్త గీకి, ఆపి, మైక్రోమీటరుతో కొలిచి, మళ్లీ గీకుతాడు. పూటంతా అదే పని. విసుగన్న మాటే లేదు. అక్కడ ఎదురుగా ఉన్నది మిషన్ కదా! ఆలస్యాన్ని అతను బాగానే ఓర్చుకుంటాడు. ఓర్వలేనిది ఎదుటివాడి వీపును.

షిఫ్టు దిగాక చాయ్ కొట్టు ముందు బండిని సందుకు అడ్డంగా నిలిపి, అరగంట కబుర్లు. వెనక ట్రాలీ ఆటోవాడు హారన్ మోగిస్తాడు. ఆత్రగాడు వెనక్కి తిరగడు, గ్లాసులోకి ఊదుకుంటూ అంటాడు:

"జర ఆగు అన్నా, ఏం మునిగిపోతున్నది?"