గొడ్డలి సార్

గొడ్డలి సార్ ఇంట్లో ఇరవై దాకా గొడ్డళ్లున్నాయి గాని, కొట్టడానికి ఒక్క కట్టె లేదు. బీరంగూడలో మూడో అంతస్తు ఫ్లాటు. వంట గ్యాసు మీద, నీళ్లు గీజరులో. హాల్లో టీవీ ఉండాల్సిన గోడకు వరసగా మేకులు దిగ్గొట్టి గొడ్డలి తలలు వేలాడదీశాడు. టీవీ పడకగదిలోకి పోయింది. దాని వెంటే ఇంట్లోవాళ్లూ పోయారు. ఇప్పుడు హాల్లో సార్, గొడ్డళ్లు, తెలియక వచ్చి కూర్చున్న నాలాంటి కింది ఫ్లాటువాడూ మిగిలాం.

ఉద్యోగం పాశమైలారంలో ఒక విడిభాగాల కంపెనీలో క్వాలిటీ ఇన్‌స్పెక్టర్. పొద్దంతా వెర్నియర్ పట్టుకుని ‘రిజెక్ట్’ అనడమే పని. సాయంత్రం ఇంటికొచ్చి అదే మాట గొడ్డళ్ల మీద అంటాడు. తేడా ఒక్కటే. కంపెనీలో ఆయన కాదన్న ముక్క తుక్కులోకి పోతుంది. ఇక్కడ తుక్కులోంచి తెచ్చిన ముక్కను ఆయన కాదంటాడు.

ఈ బాపతు మనుషులు పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి దాకా అక్కడక్కడా తగులుతూనే ఉంటారు. ఒకాయన పాత తాళాలు ఏరుతాడు, ఇంకొకాయనకు వాల్వు రేడియోల పిచ్చి. గొడ్డలి పిచ్చి వీటన్నిటిలో అరుదు, అందుకే ముదిరితే ఘాటు. ఇది ఇక్కడే ఎందుకు పుట్టిందంటే నాకు ఆశ్చర్యం లేదు. ఇక్రిశాట్ 1972లో వచ్చింది, ఆ తర్వాత వరసగా ఫ్యాక్టరీలొచ్చాయి. అంతకు ముందు ఈ చుట్టుపక్కల ప్రతి ఇంటి చూరులోనూ ఒక గొడ్డలి ఉండేది. తుమ్మలు పోయాయి, సిలిండర్లొచ్చాయి, గొడ్డలి అటకెక్కింది. ఒకరోజు వీధిలో ‘పాత ఇనుప సామాన్లకు ఉల్లిగడ్డలూ’ అని కేక వినపడింది. అంతే, దిగి బండెక్కింది. అప్పుడు కిలోల్లెక్కన పోయినవాటినే సార్ ఇప్పుడు వేలు పోసి వెనక్కి తెస్తున్నాడు. వాళ్ల నాయన గొడ్డలి ఏమైందని అడిగితే మాట మారుస్తాడు. వంటింట్లోంచి జవాబు అక్క, అంటే సార్ భార్య, చెబుతుంది: “రెండు కిలోల ఉల్లిగడ్డలైంది.”

వేట రెండు చోట్ల. వీక్లీ ఆఫ్ గురువారం పడితే హైదరాబాదు జుమ్మెరాత్ బజారు, మిగతా రోజుల్లో షిఫ్టు దిగాక పటాన్‌చెరు తుక్కు దుకాణాలు. తుక్కు దుకాణంలో సార్ గొడ్డలి వైపు చూడడు. విరిగిన టేబుల్ ఫ్యాను ధర అడుగుతాడు, తుప్పు పట్టిన పంపు తిప్పి చూస్తాడు, పోతూ పోతూ “అదేందది?” అంటాడు. తనది మహా ఎత్తుగడ అని ఆయన నమ్మకం. దుకాణంవాడు మాత్రం సార్ దూరాన కనిపించగానే లోపలి గొడ్డలి తెచ్చి ఫ్యాను పక్కనే పెడతాడు.

“ఎన్నేండ్లదిది?”

“మూడొందల ఏండ్లు సార్. నిజాం కన్న ముందటిది.”

“అయితే 1972 చట్టం కిందికి వస్తది. వందేండ్లు దాటితే పురావస్తువు. అమ్మేటోనికి లైసెన్సు ఉండాలె. ఉన్నదా?”

దుకాణంవాడు గొడ్డలిని మళ్లీ ఒకసారి తిప్పి చూస్తాడు. “తొంభై తొమ్మిదే అయితయి సార్. మా తాతదే.”

బేరం కుదిరాక గొడ్డలిని న్యూస్‌పేపర్‌లో చుట్టి షేర్ ఆటో ఎక్కుతాడు. పేపరు ఎంత చుట్టినా గొడ్డలి గొడ్డలిలాగే కనిపిస్తుంది. ఆ ఆటోలో సార్ ఎప్పుడూ కాళ్లు బారచాపుకుని వస్తాడు.

అసలు కథ ఇంటికొచ్చాక. ముందు కన్ను చూడాలి. కామ దూర్చే బెజ్జాన్ని కన్ను అంటారు. పల్లె కమ్మరి ఇనుప పట్టీని మడిచి, కడ్డీ చుట్టూ తిప్పి, కొలిమిలో ఎర్రగా కాల్చి సమ్మెటతో అతికిస్తాడు. ఎంత బాగా అతికినా కన్ను లోపల ఎక్కడో ఒక సన్నని గీత మిగులుతుంది. అచ్చులో కొట్టిన ఫ్యాక్టరీ గొడ్డలికి ఆ గీత ఉండదు, పైన అచ్చు కలిసినచోట అంచు ఉంటుంది. సార్ పెన్ టార్చీ వేసి, ఒక కన్ను మూసి, ఇంకో కన్ను గొడ్డలి కంటికి ఆనించి చూస్తాడు. అప్పుడు ఎవరూ మాట్లాడకూడదు.

తర్వాత గీతలు. సానరాయి మీద నూరిన గీతలు ఒకదానితో ఒకటి పొంతన లేకుండా ఉంటాయి. కరెంటు గ్రైండరు గీతలు ఒకే వంపులో, ఒకే దూరంలో పడతాయి. ఆ వంపు కనిపించిందా, రిజెక్ట్.

తర్వాత నిమ్మకాయ. పాత రోజుల్లో ఉక్కు ఖరీదు. కమ్మరి గొడ్డలంతా ఉక్కుతో చెయ్యడు. ఒళ్లు మెత్తని ఇనుము, వాదర దగ్గర మాత్రం ఉక్కు ముక్క అతికిస్తాడు. తుప్పు గీకి పులుపు రాసి రాత్రంతా ఉంచితే ఉక్కు నల్లబడుతుంది, ఇనుము తెల్లగానే ఉంటుంది, మధ్యలో అతుకు గీత బయటపడుతుంది. ఇది నిజంగా పనిచేసే పరీక్షే, నేను చూశాను. కాకపోతే సార్ ఇది బాల్కనీలో చేస్తాడు. ఒక అమావాస్య రాత్రి వాచ్‌మన్ పైకి చూస్తే నాలుగు గొడ్డళ్లు, కోసిన నిమ్మకాయలు, వాటి ముందు గొంతుకూర్చున్న మనిషి కనిపించారు. మర్నాటి నుంచి రెండో అంతస్తువాళ్లు లిఫ్టులో సార్‌తో ఎక్కడం మానేశారు. అసోసియేషన్ మీటింగులో సార్ ఉక్కులో కర్బన శాతం గురించి అరగంట వివరించాడు. దాంతో అనుమానం బలపడింది.

నాలుగో పరీక్ష నాలుక. తొందరగా తుప్పు పట్టించాలంటే దొంగలు ఉప్పునీళ్లు కొడతారు. అందుకని సార్ గొడ్డలిని నాకి చూస్తాడు. ఉప్పగా ఉంటే నకిలీ. అక్క ఫ్రిజ్ మీద ధనుర్వాతం ఇంజెక్షన్ తేదీ రాసిపెట్టుకుంది.

ఈ తుప్పు విషయంలో మన ప్రాంతం సార్‌కు పెద్ద చిక్కు తెచ్చింది. పాత తుప్పు గట్టిగా, నల్లగా, ఇనుములో భాగమైపోయి ఉంటుంది. కొత్తది నారింజ రంగులో పొడిపొడిగా రాలుతుంది. పుస్తకాల ప్రకారం అంతే. కాని ఆ పుస్తకాలు రాసినవాళ్లు నక్కవాగు చూడలేదు. ఏళ్ల తరబడి మందుల ఫ్యాక్టరీల వ్యర్థాలు మోసిన వాగు అది. ఆ ఒడ్డున ఒక వానాకాలం పడున్న గొడ్డలికి ఎంత వయసు కట్టాలి? సార్ లెక్క ప్రకారం ఇక్కడి తుప్పుకు వేరే పట్టిక కావాలి. సిద్దిపేట దిక్కున యాభై ఏళ్లకు వచ్చే రంగు బొల్లారంలో ఐదేళ్లకే వస్తుందని ఆయన సిద్ధాంతం. రుజువు లేదు, కాదనే ధైర్యమూ ఎవరికీ లేదు.

చివరి పరీక్ష కంపెనీలో. ఆదివారం షిఫ్టులో దొంగచాటుగా గ్రైండింగ్ చక్రానికి ఆనించి నిప్పురవ్వలు చూస్తాడు. మెత్తని ఇనుమైతే రవ్వలు పొడుగ్గా, పొందికగా పోతాయి, ఉక్కైతే చిటపట పగులుతాయి. తర్వాత రాక్‌వెల్ యంత్రం కింద పెట్టి గట్టిదనం కొలుస్తాడు. ఆ యంత్రం ఇనుము మీద ఒక చిన్న గుంట చేస్తుంది. నిమ్మరసం ఒక మచ్చ, చక్రం ఒక గాటు, యంత్రం ఒక గుంట. ఇలా అసలుదని రూఢి అయ్యేసరికి గొడ్డలి అసలు రూపంలో ఉండదు. సార్ గోడ మీద ముట్టకుండా నిగనిగలాడే గొడ్డళ్లన్నీ నకిలీవని తేలినవే. పరీక్ష మొదట్లోనే తప్పాయి కాబట్టి బతికిపోయాయి.

కామ గురించి ఆయన చెప్పే మాట మాత్రం నాకు నచ్చుతుంది. పనిచేసే గొడ్డలికి కామలు విరుగుతూనే ఉంటాయి. కాబట్టి తల పాతదైతే కామ కొత్తదై ఉండాలి. రెండూ పాతవేనని చూపించాడంటే ఎవడో కూర్చుని జత కలిపాడన్నమాట.

సార్‌కు మహర్దశ పట్టిన రోజు ఒకటుంది. ఎవరో ఒకతను రాక్షసగూళ్ల తవ్వకంలో దొరికిందని, మూడు వేల ఏళ్లదని ఒక గొడ్డలి తెచ్చాడు. సార్ చేత్తోనైనా ముట్టలేదు. “కన్ను ఎక్కడిది?” అన్నాడు. ఆ కాలపు సమాధుల్లో, విదర్భ వైపు జునాపాణి, మహూర్ఝరి లాంటి చోట్ల దొరికిన ఇనుప గొడ్డళ్లు చదునైన పలకలు. వాటికి బెజ్జం ఉండదు. ఇనుప పట్టీలు అడ్డంగా చుట్టి కామకు బిగించేవాళ్లు. ఇదంతా సార్ లేచి నిలబడి చెప్పాడు. అతను శ్రద్ధగా విని, “అయితే కన్ను తర్వాత పెట్టించుకున్నట్టున్నరు సార్” అన్నాడు.

ఇంకొకడు అలలు అలలుగా మెరిసే గొడ్డలి చూపించి కోనసముద్రం ఉక్కన్నాడు. నిజామాబాదు వైపు కోనసముద్రం ఉక్కుకోసం పర్షియా నుంచి వర్తకులు వచ్చి కాచుకునేవారన్నది నిజం. దమాస్కస్ కత్తులకు పోయిన ఉక్కు అది. “అంత దూరం నుంచి వచ్చి కొనే ఉక్కుతో తుమ్మ మొద్దులు కొడతారయ్యా?” అని సార్ అడిగాడు. అలలు యాసిడ్‌తో తేల్చినవని తీర్పిచ్చి, డబ్బా మీది కొరియర్ చీటీ చూపించాడు.

సెలవు రోజుల్లో పిల్లల్ని కొండాపూర్ మ్యూజియానికి తీసుకుపోతాడు. సంగారెడ్డి దగ్గరే, శాతవాహనుల నాటి ఊరు తవ్వితే బయటపడ్డ నాణేలు, మట్టిబొమ్మలు, పూసలు అక్కడుంటాయి. పిల్లలు బొమ్మలు చూస్తారు, సార్ ఇనుప సామాను దగ్గర అద్దానికి ముక్కు ఆనిస్తాడు. అద్దం వెనక ఉన్నవాటిని నాకడం కుదరదు కాబట్టి, ప్రభుత్వం మీద నమ్మకంతో ఒప్పుకుంటున్నానంటాడు. సంగారెడ్డి పాత జైలుకు తీసుకుపోయినప్పుడు మాత్రం ఆయన మనసు విరిగింది. 1796 నాటి జైలు, 2016లో మ్యూజియమైంది. ఐదొందలు కడితే ఒక రోజు ఖైదీగా ఉండొచ్చన్నారు, బట్టలిచ్చి, జైలు తిండి పెట్టి. జైలు అసలుది, తాళం అసలుది, లోపల మనిషి నకిలీ. సార్ ఊచలు వేలితో తట్టి చప్పుడు విని బాగున్నాయన్నాడు. ఖైదీని చూసి రిజెక్ట్ అన్నాడు.

ఇంట్లో యుద్ధం ఏటా దసరాకు. ఆయుధపూజ నాడు అక్క గొడ్డళ్లన్నిటికీ పసుపు రాసి కుంకుమ పెడుతుంది. వందేళ్ల చిలుము మీద తడి పసుపా అని సార్ గోల. బొట్టు లేని ఇనుము ఇంట్లో ఉండటానికి వీల్లేదని వాళ్లమ్మ తీర్పు. రెండేళ్లు కొట్లాడి ఓడాడు. ఓడినవాడు ఊరుకోలేదు, దాన్నే శాస్త్రం చేశాడు. గొడ్డలి నిజంగా ఇంట్లో బతికిందైతే కంటి మూలల్లో ఏళ్ల నాటి కుంకుమ గట్టిపడి ఉంటుందని, అది లేకపోతే అనుమానించాలని కొత్త సూత్రం తీశాడు. నోరాగక దాన్ని దుకాణంలో కూడా చెప్పాడు. ఆ వారం నుంచి పటాన్‌చెరులో తుక్కు గొడ్డళ్లన్నీ ముత్తైదువలయ్యాయి.

ఇన్ని తెలిసిన మనిషి ఒక్క గొడ్డలి దగ్గర మాత్రం కరిగిపోయాడు. గోడ మధ్యలో, దేవుడి పటం ఉండాల్సిన చోట ఉంటుందది. వెడల్పాటి వాదర, నల్లని ఒళ్లు, వేలితో మీటితే గుడిగంట మోత. నిమ్మరసం రాస్తే గీత పడలేదు, మొత్తం నల్లబడింది. అంటే ఆసాంతం ఉక్కే. సార్ సూత్రం ప్రకారమే అది కొత్త సరుకు. కాని సార్ దాని ముందు చాలాసేపు కూర్చుని, ఉక్కుకు లెక్క చూడని ఇంట్లో చేయించింది అయ్యుంటుందన్నాడు. కొన్నాళ్లకు ఆ ఇల్లు గడీ అయింది. దసరా నాటికి సంస్థానమైంది. నేను నోరెత్తలేదు. తనకు నచ్చినదాని దగ్గర ఏ పండితుడు సూత్రం గుర్తుంచుకున్నాడు గనక!

ఆ సంస్థానం పేరు తేల్చుకోవాలని దాన్ని సదాశివపేట దిక్కున ఒక ముసలి కమ్మరి దగ్గరికి తీసుకుపోయాడు. తోడు నన్నూ లాక్కుపోయాడు. కమ్మరి గొడ్డలిని తలకిందులు చేసి, కన్ను పక్కన బొటనవేలితో రుద్ది నవ్వాడు.

“గీ గుండ్రటి మచ్చ సూడు సారూ. గిది నడుమ బోల్టు బెజ్జం. పూడ్చిన్రు. లారీ కమాన్ పట్టీ ఇది. మేమందరం గీ పట్టీలతోటే కొడుతున్నం, మా నాయన కాలం నుంచి.”

“సరిగ్గా చూడు కాకా.”

“సూసిన. మంచి ఇనుము. లేలాండ్ బండిది గావచ్చు.”

సార్ చాలాసేపు మాట్లాడలేదు. గొడ్డలిని తీసుకుని, కళ్లద్దాలు తుడుచుకుని, ఆ మచ్చ దగ్గర పెన్ టార్చీ వేశాడు. నేను ఓదార్పు మాట వెతుక్కుంటున్నాను.

“కాకా,” అన్నాడు చివరికి, “కంపెనీ పట్టీయేనా, డూప్లికేటా?”