జేబులో కార్డు, నోట్లో బూతు

2023 ఆగస్టులో హెచ్ఎండీఏ వేలం వేస్తే కోకాపేటలో ఎకరం వంద కోట్లు దాటింది. ఆ చుట్టుపక్కల గంటల లెక్కన అద్దెకిచ్చే టర్ఫుల మీద, శనివారం రాత్రి కార్పొరేట్ ఫుట్‌బాల్ టోర్నమెంట్లలో చవగ్గా దొరికేది ఒక్కటే: బూతు. అదీ సాక్షాత్తూ రెఫరీ నోట. ఇదేంటని అడిగితే, "గట్టిగా తగులుకోకపోతే వీళ్లు కంట్రోల్‌లో ఉండరు సార్, ఇది మ్యాన్ మేనేజ్‌మెంట్" అంటాడు.

సంతోషం. వారమంతా మర్యాద మీద ఆన్‌లైన్ ట్రైనింగులు పూర్తిచేసి సర్టిఫికెట్లు తెచ్చుకునే జనం, శనివారం ఎంట్రీ ఫీజు కట్టి మరీ అమ్మానాన్నల్ని తిట్టించుకుంటున్నారు.

ఈ మేనేజ్‌మెంటును కాస్త దగ్గర్నుంచి చూడండి. బంతి వెళ్లిపోయాక వెనకనుంచి కాలడ్డం పెట్టినవాడు ఇంటర్న్ అయితే, "ఒరేయ్, కళ్లు దొబ్బాయా?" అని మొదలై వాడి మూడు తరాల దాకా వెళ్తుంది. అదే కాలు వైస్ ప్రెసిడెంటుది అయితే, "సార్, కొంచెం చూస్కోండి సార్." ఫౌల్ అదే, పగిలిన మోకాలు అదే. కాకపోతే ఆ సారు కంపెనీయే స్పాన్సరు.

ఫుట్‌బాల్ నిబంధనల్లో పన్నెండోది స్పష్టంగానే ఉంది: ఆటగాడు బూతులు తిడితే, అవమానిస్తే ఎర్ర కార్డు. మరి కంచే చేను మేస్తే? ఇంగ్లండ్‌లో దీనికి జవాబు చెప్పారు. లివర్‌పూల్‌కు కోచ్‌గా ఉన్న క్లాప్‌ను ప్రీమియర్ లీగ్ రెఫరీ డేవిడ్ కూట్ బూతులు తిట్టిన పాత వీడియో 2024 నవంబరులో బయటపడింది. దాంతో మొదలైన విచారణ డిసెంబరులో ఆయన ఉద్యోగం ఊడేదాకా వెళ్లింది. అక్కడ దాన్ని మ్యాన్ మేనేజ్‌మెంట్ అనాలని ఎవరికీ తట్టలేదు పాపం!

అసలు కార్డులు పుట్టిందే నోటితో పని జరగక. 1966 వరల్డ్ కప్‌లో ఇంగ్లండ్‌తో ఆడుతున్న అర్జెంటీనా కెప్టెన్ రాటిన్‌ను జర్మన్ రెఫరీ బయటికి పొమ్మన్నాడు. ఒకరి భాష ఒకరికి రాదు. రాటిన్ కదలనన్నాడు, ఆట ఆగిపోయింది. ఆ గొడవ తర్వాత కెన్ ఆస్టన్ అనే ఇంగ్లిష్ రెఫరీకి ట్రాఫిక్ సిగ్నల్ చూసి పసుపు, ఎరుపు కార్డుల ఆలోచన వచ్చింది. 1970 మెక్సికో వరల్డ్ కప్‌లో అవి మైదానంలోకి దిగాయి. తెలుగువాళ్లు, మలయాళీలు, బెంగాలీలు, మణిపురీలు ఒకే జట్టులో ఆడే ఐటీ కారిడార్‌కు ఇంతకన్నా పనికొచ్చే అట్టముక్క ఇంకోటుందా?

ఆ అట్టముక్క రెఫరీ దగ్గర ఉంది, కానీ జేబులోంచి బయటికి రాదు. ఐదుగురి ఆటలో ఎర్ర కార్డు తీస్తే నలుగురే మిగులుతారు. డబ్బు కట్టిన జట్టు మొహం మాడ్చుకుంటుంది. ఆర్గనైజరుకు ఫోన్ వెళ్తుంది. వచ్చే శనివారం ఈ రెఫరీకి పిలుపు రాదు. బూతుకైతే పైసా ఖర్చు లేదు, ఎవరి సీటూ కదలదు. మనం గట్టిదనం అనుకుంటున్న ఆ గొంతు నిండా ఉన్నది భయమే.

మ్యాచ్‌కింతని తీసుకుని, ఓడిన జట్టు చేత తిట్లు తినే మనిషినొక్కణ్నే నిలదీయడం అన్యాయం. ఆర్గనైజర్లకే ఒక సలహా. 2024 యూరోలో చేసినట్టు, కెప్టెన్ తప్ప ఎవరూ రెఫరీ దగ్గరికి రాకూడదని ముందే చెప్పండి. కార్డు తీసిన రెఫరీనే మళ్లీ పిలవండి. ఆ తర్వాత ఒక్క వైస్ ప్రెసిడెంటుకు ఎర్ర కార్డు చూపించనివ్వండి. ఆ రాత్రి నుంచి ఇంటర్న్‌ను తిట్టాల్సిన అవసరమే రాదు.